గద్ద కన్నా ముందు బొల్లికోడిని చూడండి

డాలస్‌లో ఉండే తెలుగువాళ్లు కారులో నాలుగు గంటలు తూర్పుగా వెళితే ఆర్కన్సా రాష్ట్రంలో డీగ్రే సరస్సు వస్తుంది. కాడో నదికి అడ్డంగా అమెరికా సైన్యపు ఇంజనీర్లు కట్టిన ఆనకట్ట వెనక నిలిచిన నీరు అది, దాదాపు 13,800 ఎకరాలు. ఒడ్డునే పైన్ చెట్ల మధ్య గుడారాలు వేసుకోవడానికి, క్యాంపర్ బళ్లు నిలుపుకోవడానికి చోటుంది. వేసవిలో పడవల వాళ్లు, గాలం వేసేవాళ్లు ఎక్కువ. పక్షుల కోసం వెళ్లేవాళ్లకు మాత్రం చలికాలమే అసలు సీజను. ఉత్తరాన సరస్సులు గడ్డకట్టగానే బాల్డ్ ఈగిల్ అనే తెల్లతల గద్దలు, లూన్‌లు, బాతులు, కూట్ అనే బొల్లికోళ్లు ఇటు దిగుతాయి.

తెల్లతల గద్దను చూడాలంటే తెల్లవారకముందే లేవాలి. నీటి మీదికి వంగిన ఎత్తైన చెట్టులో, చిటారు కొమ్మ దగ్గర కూర్చుని ఉంటుంది. రెక్కలు చాపితే రెండు మీటర్ల పైచిలుకు. ఆడది మగదాని కన్నా పెద్దది. తల, తోక తెల్లబడేది నాలుగైదేళ్ల వయసులోనే. అంతవరకు ఒళ్లంతా గోధుమరంగే కాబట్టి, కొత్తగా వచ్చినవాళ్లు పిల్ల గద్దల్ని ఇంకేదో పక్షి అనుకుని వదిలేస్తారు. దాని అరుపు విని నిరుత్సాహపడేవాళ్లూ ఉన్నారు. సన్నటి కిచకిచ తప్ప మరేం ఉండదు. సినిమాల్లో గద్ద కనబడగానే వినిపించే ఆ గుండెలదిరే కేక చాలాసార్లు ఎర్రతోక డేగ అనే వేరే పక్షిది.

తెల్లతల గద్ద వేటగాడు మాత్రమే కాదు, దొంగ కూడా. ఆస్ప్రే అనే పక్షి చేపను పట్టుకుపోతుంటే తరిమి తరిమి కింద పడేయించి ఎత్తుకుపోతుంది. చచ్చిన చేపనూ వదలదు. అందుకే బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1784లో కూతురికి రాసిన ఉత్తరంలో దీన్ని నీతిలేని పక్షి అని తిట్టిపోశాడు. నాకైతే అది అన్యాయమైన తీర్పు అనిపిస్తుంది. చలిలో ఎగరడం ఖర్చుతో కూడిన పని. తప్పిపోయిన ప్రతి దూకుడుకూ ఒంట్లో కొవ్వు కరగాలి. కాబట్టి ఆరోగ్యంగా ఎగిరే బాతుల్ని వదిలి కుంటుతున్న దాన్ని, తూలుతున్న దాన్ని ఎంచుకోవడం గద్దకు అలవాటు. కొన్ని లక్షల ఏళ్లుగా దాన్ని బతికించిన తెలివి అది. డీగ్రేలో దాని ప్రాణం తీసిందీ అదే.

1994–95 చలికాలంలో ఈ సరస్సు చుట్టూ 29 తెల్లతల గద్దలు చనిపోయి దొరికాయి. డీడీటీ అనే పురుగుమందు దెబ్బకు 1963 నాటికి అలాస్కా, హవాయి మినహా అమెరికా మొత్తంలో 417 గూళ్ల జంటలకు పడిపోయిన జాతి ఇది. 1972లో డీడీటీని నిషేధించాక మెల్లగా కోలుకుంటూ వస్తోంది. అటువంటి సమయంలో ఒక్క సరస్సు దగ్గర 29 అంటే మాటలు కాదు. తూటా గాయాల్లేవు. సీసం విషం లేదు, పురుగుమందు లేదు, అంటురోగం లేదు. కడుపు మాడి చచ్చినవీ కావు. మెదడును సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే తెల్లపదార్థం నిండా ఖాళీ బుడగలు. నరాల పోగుల చుట్టూ, కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగులా, మైలిన్ అనే పొర ఉంటుంది. ఆ పొర చీలి గుల్లయిపోయింది. బొల్లికోళ్లదీ ఇదే పరిస్థితి. నీటిలో గుండ్రంగా తిరగడం, ఒక పక్కకు ఒరిగిపోవడం, లేవబోయి పడిపోవడం. గద్దలకు అంతకన్నా సులువైన వేట ఎక్కడ దొరుకుతుంది?

గద్ద బొల్లికోడిని తింది, బొల్లికోడి నీటి మొక్కను తింది. ఆ మొక్క హైడ్రిల్లా. తెలుగు మీడియంలో చదివినవాళ్లకు దాన్ని పరిచయం చేయక్కర్లేదు. బీకరులో నీళ్లు, అందులో హైడ్రిల్లా, పైన బోర్లించిన గరాటు, దాని మీద పరీక్షనాళిక. ఎండలో పెడితే ఆక్సిజన్ బుడగలు లేస్తాయి. కిరణజన్య సంయోగక్రియ బొమ్మ వేయమంటే ఇప్పటికీ చాలామంది వేసేది అదే. మన చెరువుల్లో, పంట కాలువల్లో మామూలుగా పెరిగే ఈ మొక్క 1950లలో అక్వేరియం వ్యాపారం ద్వారా శ్రీలంక నుంచి ఫ్లోరిడా చేరింది. తొట్లలోంచి కాలువల్లోకి, కాలువల్లోంచి సరస్సుల్లోకి పాకింది. అక్కడ దాన్ని అదుపులో పెట్టే శత్రువులు లేరు.

అయితే విషం హైడ్రిల్లాది కాదు. జార్జియా విశ్వవిద్యాలయంలోని సూసన్ వైల్డ్ దాని ఆకుల అడుగున అంటుకుని ఉన్న ముదురు మచ్చల్ని పట్టించుకున్నారు. అవి సయనోబాక్టీరియా, అంటే మన పాఠ్యపుస్తకాల నీలి ఆకుపచ్చ శైవలాలు. 2014లో ఆ సూక్ష్మజీవికి ఏటోక్తోనోస్ హైడ్రిల్లికోలా అని పేరు పెట్టారు; హైడ్రిల్లా మీద బతికే గద్దల హంతకి అని అర్థం. దోషి దొరికిందనుకున్నారు. తీరా జర్మనీలో హాలే విశ్వవిద్యాలయంలో టిమో నీడర్‌మయర్ బృందం దాన్ని ప్రయోగశాలలో పెంచి చూస్తే విషమే తయారుకాలేదు. సరస్సులో చంపేది సీసాలో ఎందుకు సాధువైపోయింది?

నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇదే. వాళ్లు సీసాను వదిలి మళ్లీ సరస్సు నుంచి తెచ్చిన ఆకు దగ్గరికే వెళ్లారు. ఆకు మీద ఏ చోట ఏ రసాయనం ఉందో చూపించే పరికరంతో పరిశీలిస్తే, సరిగ్గా ఆ మచ్చలున్న చోటే ఒక పదార్థం కనబడింది. దాని అణువులో ఐదు బ్రోమిన్ పరమాణువులు. పెంపకపు ద్రావణంలో బ్రోమిన్ లేదు మరి! బ్రోమైడ్ కలపగానే సీసాలోని సూక్ష్మజీవి కూడా విషం చేసింది. 2021 మార్చిలో ఈ పరిశోధన 'సైన్స్' పత్రికలో వచ్చింది. మొదటి చావులకూ దీనికీ మధ్య పాతికేళ్లు దాటాయి.

కాబట్టి మూడూ కలవాలి: మొక్క, దాని మీద ఆ సూక్ష్మజీవి, నీటిలో బ్రోమైడ్. మొక్క ఒక్కటే ఉంటే పక్షి చావదు. బ్రోమైడ్ కొంత నేలలోంచే వస్తుంది, కొంత బొగ్గు విద్యుత్ కేంద్రాల నుంచి. హైడ్రిల్లా దాన్ని నీటిలోంచి లాగి ఒంట్లో పోగుచేసుకుంటుంది. హైడ్రిల్లాను చంపడానికి చల్లే డైక్వాట్ డైబ్రోమైడ్ అనే కలుపుమందు కూడా ఒక వనరు కావచ్చని ఆ శాస్త్రవేత్తలు అనుమానించారు. రోగానికి వేసిన మందే రోగానికి మేత వేస్తోందేమో అన్నమాట.

గద్దల జాతి మొత్తం మీద నిలదొక్కుకుంది. 2007లో అంతరించిపోయే ప్రమాదమున్న జాతుల జాబితా నుంచి తీసేశారు. 2021లో అమెరికా వన్యప్రాణి శాఖ వెల్లడించిన లెక్కలో అలాస్కా, హవాయి మినహా 48 రాష్ట్రాల్లో గూళ్ల జంటలు 71,467. కానీ ఆ మొత్తాన్ని చూసి ఫలానా సరస్సు గద్దలు బాగున్నాయని చెప్పలేం. జార్జియా, దక్షిణ కరోలినా సరిహద్దులోని థర్మండ్ సరస్సులోనూ ఈ జబ్బుకు గద్దలు చాలానే పోయాయి.

అందుకని ఆగ్నేయ రాష్ట్రాల్లో హైడ్రిల్లా ఉన్న సరస్సు ఒడ్డున గుడారం వేసుకునేవాళ్లు బైనాక్యులర్స్‌ను చెట్టు చివర నుంచి కాసేపు నీటి మీదికి దించాలి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా బొల్లికోళ్ల గుంపును గమనించండి. తిన్నగా ఈదుతున్నాయా, మనిషి దగ్గరికొస్తే నీటి మీద పరుగెత్తి లేస్తున్నాయా? ఏదైనా ఒకటి గుండ్రంగా తిరుగుతూ, ఒరిగిపోతూ కనబడితే ముట్టుకోకుండా పార్కు రేంజరుకు చెప్పాలి. గద్దలో జబ్బు కనబడేసరికి ఆలస్యమైపోతుంది.

రెండో పని పడవ రేవు దగ్గర. హైడ్రిల్లా కాడ ముక్క ఒక్క కణుపుతో ఉన్నా మళ్లీ మొక్కవుతుంది. పడవ ప్రొపెల్లరుకో, ట్రైలరు చక్రానికో చుట్టుకున్న పోగు మరో సరస్సుకు చేరడానికి అంతకన్నా ఏం కావాలి? అందుకే రేవుల దగ్గర పడవ కడిగి, నీళ్లు వంపేసి, ఆరబెట్టి కదలమని బోర్డులు పెడతారు. ఒకసారి పాతుకుపోయాక దాన్ని పీకడం తేలిక కాదు. బురదలో దాక్కున్న దుంపలు ఏళ్ల తరబడి మొలకెత్తుతూనే ఉంటాయి. థర్మండ్ సరస్సులో అధికారులు చివరికి మన చేపల చెరువుల రైతులకు బాగా తెలిసిన గడ్డిచేపను వదిలారు. గుడ్లు పెట్టి సరస్సంతా నిండిపోకుండా, సంతానం కలగని రకాన్నే ఎంచుకున్నారు.