పాత కారునకు కొత్త రింగులు

గోదావరి మండలములలో కొన్ని యిండ్ల ముంగిళ్లలో పాత అంబాసిడరు కారు ఇప్పటికిని కానవచ్చును. ఆ కార్ల నిర్మాణము 2014లో నిలిచిపోయినది. కావున ఇంజను అరిగినచో బజారున దొరకిన విడిభాగములతోనే పని జరుపుకొనవలెను. డబ్బాపై కారు పేరున్నంత మాత్రమున లోని వస్తువు మన ఇంజనునకు అమరునని నమ్మరాదు. పిస్టను రింగుల విషయమున దీనిని పరిశీలింతము.

మొదటిది కొలత. 1489 సి.సి. ఇంజనులో సిలిండరు వ్యాసము 2.875 అంగుళములు, అనగా సుమారు 73 మిల్లీమీటర్లు. ఆరంభపు కార్లలోని 1476 సి.సి. ఇంజనుకు అది 73.5 మిల్లీమీటర్లు. కంటికి రెండును ఒకటే, రింగునకు కావు. పైగా మన ఇంజను పూర్వమెప్పుడో రీబోరు చేయబడి యుండవచ్చును. అట్టి దానికి అంగుళమున వేయింట 10, 20, 30 లేక 40 వంతులు పెద్దవగు పిస్టనులు, రింగులు వేయుదురు. ఆ అంకె సాధారణముగా పిస్టను తలపై చెక్కబడి యుండును. మసి తుడిచి చదువవలెను.

రెండవది సందు. బండిచక్రమునకు ఇనుపకట్టు తొడుగునపుడు కమ్మరి దానిని కాల్చును. వేడికి లోహము సాగును గదా! ఇంజనులో రింగును అట్లే సాగును. కొనల నడుమ చోటు చాలనిచో అవి ఒకదానినొకటి త్రోసికొని రింగు విరుగును, లేదా సిలిండరు గోడ గీరుకొనిపోవును. అందుచే రింగును పిస్టనుకు తొడుగకముందే సిలిండరులో ఉంచి, పిస్టను తలతో వంకర లేకుండ నెట్టి, సందును ఫీలరు గేజితో కొలువవలెను. వ్యాసమునందు అంగుళమునకు వేయింట మూడు నాలుగు వంతుల చొప్పున సందుండుట వాడుక. ఈ కొలత అరుగుదల లేని క్రింది భాగముననే తీయవలెను. పైన అరిగినచోట సరిపోయిన రింగు క్రింద బిగిసిపోవును. సందు తక్కువైనచో కొనలను సన్నని ఆకురాతితో రాచి సరిచేయవచ్చును. ఎక్కువైనచో ఆ రింగు పనికిరాదు.

మూడవది గట్టు. సిలిండరు పైకొసను రింగు తాకదు. కావున అచ్చట అరుగక చిన్న గట్టు మిగులును. పాత రింగు దానితోపాటు అరిగి సర్దుకొనును. కొత్త రింగు పదునైన అంచు ఆ గట్టునకు తగిలి విరుగును. గట్టును ముందుగా తీయించవలెను. అరుగుదల మితిమీరినచో రీబోరే శరణ్యము.

పెండ్లివారితో గోదావరి రేవున పంటు దిగి ఒడ్డెక్కవలసిన కారునకు సిలిండరులో బిగువు లేనిచో అది ఏటవాలుననే నిలిచిపోవును. కోసివేసిన లోహము మరల రాదు; హద్దు దాటినచో స్లీవు దిగగొట్టించుట తప్పదు. కనుక రింగులు కొనబోవునపుడు సిలిండరు కొలతను, పాత పిస్టనును వెంట తీసికొని పోవుడు.