పెరటిలో తంగేడు

మధుమేహంతో బాధపడుతున్న ఒక గృహిణి కొంతకాలం క్రితం నా వద్దకు వచ్చారు. మూడు నెలలుగా తంగేడు పూల కషాయం సేవిస్తున్నాననీ, ధైర్యం కలిగి మాత్రలు మానివేశాననీ చెప్పారు. పరీక్ష చేయించగా చక్కెర 300 దాటింది. పూలు ఎక్కడివమ్మా అని అడిగితే, పత్తిచేని గట్టున కోసినవన్నారు. వారం వారం పురుగుమందు చల్లే చేను అది! మందుతో పాటు విషాన్ని కూడా ఆమె కాచి త్రాగారన్నమాట.

గుంటూరు, ప్రకాశం సీమల్లో పత్తి, మిరప చేల నడుమ పుట్టిన తంగేడును ఔషధానికి వాడరాదని అప్పటినుండి అందరికీ చెబుతున్నాను. కావలసినవారు పెరటిలోనే పెంచుకొనవచ్చు.

సంస్కృతంలో ఆవర్తకి అని పేరు. 2014 నుండి తెలంగాణకు రాష్ట్ర పుష్పమైనా, మన మెట్టభూములకూ ఇది సొంత బిడ్డే. పసుపు పూలు చూచినంత మాత్రాన తంగేడని భ్రమపడరాదు. కసివింద కూడా పసుపుగానే పూస్తుంది. దాని గింజలు పిల్లలకు ప్రమాదకరం. తంగేడుకు ఆకుకాడ మొదట చెవి ఆకారంలో గుండ్రని చిన్న రెక్కలుంటాయి, కాయ పలుచగా, బల్లపరుపుగా ఉంటుంది. నేలతంగేడు మరొకటి, అది విరేచనకారి అయిన సునాముఖి.

గింజ పెంకు గట్టిది. గరుకు రాతిపై కొద్దిగా రుద్ది, ఒక రాత్రి నీటిలో నానబెట్టి, తొలకరికి నేరుగా నేలలోనే విత్తాలి. వేరు లోతుకు దిగుతుంది గనుక పెరిగిన మొక్కను పీకి నాటితే బ్రతకడం కష్టం. మన నల్లరేగడి నీటిని పట్టి ఉంచుతుంది, తంగేడుకు అది గిట్టదు. కంకర, ఎఱ్ఱమట్టి కలిపి జానెడెత్తు దిబ్బ చేసి అక్కడ విత్తండి. మొదటి ఏడాది వారానికొకసారి నీరు చాలు. తరువాత ముదురు వేసవిలో తప్ప అక్కరలేదు. అతిగా నీరు పోసే ప్రేమే దీనికి శత్రువు.

ఈ పూలలో తేనె ఉండదు, పుప్పొడి మాత్రమే ఉంటుంది. అదీ కేసరాల కొనన ఉన్న సన్నని రంధ్రాల గుండానే రాలుతుంది. గండుతుమ్మెద పూవును పట్టుకొని ఝుమ్మని కంపింపజేస్తే పొడి బయటపడుతుంది. ఉదయాన ఆ నాదం వినడం నాకు ఇష్టం. లేత పసుపు సీతాకోకచిలుకలు ఆకులపై గుడ్లు పెడతాయి. పచ్చని గొంగళిపురుగులు కొన్ని ఆకులు తింటే తిననివ్వండి, మందు మాత్రం చల్లకండి.

నీడన ఆరబెట్టిన పూలను పెసరపిండితో కలిపి నలుగుగా వాడుకొనవచ్చు. కషాయం మాత్రం వైద్యుని అడిగిన పిమ్మటనే. మాత్రలతో కలిసి చక్కెరను మరీ తగ్గించే అవకాశం ఉంది, గర్భిణులు సేవించరాదు.

ఆ గృహిణి మాత్రలు తిరిగి వాడుతున్నారు. పెరటిలో రెండు మొక్కలు ఈ శ్రావణంలో తొలిసారి పూశాయట. కోయడానికి మనసు రావడం లేదని నిన్ననే కబురంపారు.