చల్లని చోట చెమట పడితే?

కొడుకో కూతురో సింగపూర్‌లో ఉద్యోగం చేస్తున్న ఇళ్ళు ఇప్పుడు మన చిన్న ఊళ్ళలో కూడా ఉన్నాయి. మనవల్ని చూడటానికి పెద్దవాళ్ళు విమానం ఎక్కడం, దిగిన రెండో రోజునే అందరూ కలిసి ‘గార్డెన్స్ బై ది బే’ అనే ఉద్యానవనానికి బయలుదేరడం మామూలైపోయింది. 2012లో తెరిచిన ఆ తోట చూడదగ్గదే, సందేహం లేదు. అయితే మధుమేహం ఉన్నవారు అక్కడికి వెళ్ళేముందు ఒక్క సంగతి తెలుసుకోవాలి.

తెనాలి నుంచి వెళ్ళిన ఒక తాతగారి అనుభవం వినండి. వయసు 68. పన్నెండేళ్ళుగా ఇన్సులిన్ తీసుకుంటున్నారు. ఆ ఉదయం ఇంజెక్షన్ చేసుకుని, “తోటలోనే ఏదో తిందాంలే” అని ఒక్క ఇడ్లీతో సరిపెట్టుకుని బయలుదేరారు. మనవడి వెంట ఎండలో గంటన్నర తిరిగారు. చొక్కా తడిసి ముద్దయింది. “బెజవాడ ఎండలు చూసినవాణ్ణి, ఇదొక లెక్కా?” అని నవ్వారు కూడా.

తర్వాత అందరూ ‘ఫ్లవర్ డోమ్’ అనే పెద్ద అద్దాల మందిరంలోకి వెళ్ళారు. లోపల ఎప్పుడూ చల్లగా ఉంటుంది. పావుగంటలో అందరి చెమటా ఆరిపోయింది. తాతగారి నుదుటి మీద మాత్రం ఇంకా కారుతూనే ఉంది. మాట తడబడింది. మనవణ్ణి కొడుకు పేరుతో పిలిచారు. ఎండదెబ్బేమోనని కూతురు మంచినీళ్ళు అందించింది. అమ్మమ్మగారు చెయ్యి పట్టుకు చూసి, “ఏమండీ, చెయ్యి చల్లబడి వణుకుతోంది. ఇది ఎండ కాదు” అంటూ సంచిలోని గ్లూకోజు నీళ్ళలో కలిపి తాగించారు. పదిహేను నిమిషాల్లో ఆయన తేరుకున్నారు.

ఆవిడ కనిపెట్టింది ఏమిటి? రక్తంలో చక్కెర పడిపోయిందని. ఇన్సులిన్ ఒంట్లో పనిచేస్తోంది, తిండి చాలలేదు, నడక ఎక్కువయింది. పైగా వేడికి ఇన్సులిన్ త్వరగా రక్తంలో కలుస్తుంది. చక్కెర పడిపోతే చెమట, వణుకు, నీరసం, గుండెదడ, తికమక కలుగుతాయి. వీటిలో చాలా వరకు ఎండకు అలసినప్పుడు కూడా కనిపించేవే. చిక్కంతా అక్కడే ఉంది. చల్లని చోట కూర్చున్నా చెమట ఆగకపోతే ముందు అనుమానించవలసింది చక్కెరనే.

ఆ ఉక్కపోత సంగతి

సింగపూర్ భూమధ్యరేఖకు చాలా దగ్గర. ఏడాది పొడవునా పగటి వేడి 31, 32 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. అంకె చూస్తే మనకు తక్కువే అనిపిస్తుంది. కాని గాలి నిండా తేమ. చెమట కారినంత మాత్రాన ఒళ్ళు చల్లబడదు, అది ఆరినప్పుడే చల్లబడుతుంది. తేమ గాలిలో చెమట ఆరదు. అందుకే అనంతపురంలో 40 డిగ్రీల పొడి ఎండను తట్టుకున్న మనిషి కూడా అక్కడ 32కే డీలాపడవచ్చు.

బయలుదేరే ముందు

అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. కనుక ఇన్సులిన్, భోజనం వేళలు ఎలా మార్చుకోవాలో ప్రయాణానికి ముందే మీ డాక్టరును అడగండి. రక్తపుపోటుకు నీరు పోయే మాత్రలు వేసుకునేవారు, గుండె, మూత్రపిండాల జబ్బుల వల్ల నీళ్ళు తగ్గించమన్నవారు కూడా అడిగి తెలుసుకోవాలి. సొంతంగా మందు మానకండి. ఇంజెక్షన్ చేసుకున్నాక కడుపు నిండా తినకుండా గడప దాటకండి. గ్లూకోజు, బిస్కెట్లు, చక్కెర పరీక్ష చేసే మీటరు చేతిసంచిలో ఉండాలి. ఆ సంచి కారులో వదిలేయకూడదు.

తోటలో

మొత్తం తోట 101 హెక్టార్లు, అంటే దాదాపు 250 ఎకరాలు. అంతా ఒక్కరోజులో చూడాలన్న పట్టుదల వద్దు. ఆరుబయట తిరగడం పొద్దున్నో సాయంత్రమో పెట్టుకుని, మిట్టమధ్యాహ్నం అద్దాల మందిరాల్లో గడపండి. ‘క్లౌడ్ ఫారెస్ట్’లో 35 మీటర్ల కొండ ఉంది. పైకి లిఫ్టులో వెళ్ళి మెల్లగా నడిచి దిగవచ్చు. మోకాళ్ళ నొప్పులవారికి అది మేలు. 22 మీటర్ల ఎత్తున వేలాడే వంతెన ఒకటి ఉంది. కళ్ళు తిరిగేవారు కింద నుంచి చూసి ఆనందిస్తే చాలు. రాత్రి 7.45కు, 8.45కు ఇనుప మహావృక్షాల మీద దీపాల ప్రదర్శన ఉంటుంది. రాత్రి భోజనం అది అయ్యేదాకా వాయిదా వేయకండి.

మధుమేహులు చెప్పులు విప్పి నడవకూడదు. ఇంటికి వచ్చాక పాదాలకు బొబ్బలున్నాయేమో చూసుకోవాలి.

పిల్లల సంగతి

2014లో తెరిచిన పిల్లల తోటలో నీళ్ళు చిమ్మే ఆటస్థలం ఉంది. నీళ్ళలో ఆడుతున్నా పిల్లలకు దాహం తీరదు. పిలిచి మరీ తాగించాలి. అక్కడి పంపునీళ్ళు నిశ్చింతగా తాగవచ్చు. తడిబట్టలు మార్చాకే చల్లని మందిరాల్లోకి తీసుకువెళ్ళండి.

ప్రమాదం అనిపిస్తే

మనిషి తెలివిలో ఉండి మింగగలిగితే మూడు నాలుగు చెంచాల గ్లూకోజు గాని పంచదార గాని నీళ్ళలో కలిపి తాగించండి. పదిహేను నిమిషాల తర్వాత మళ్ళీ పరీక్షించండి. తగ్గకపోతే ఇంకోసారి ఇవ్వండి. తేరుకున్నాక కడుపుకు ఏదైనా పెట్టండి. మీటరు లేదని ఆగవద్దు. ఒకసారి చక్కెర ఎక్కువైతే వచ్చే నష్టం కొంచెమే, ఆలస్యం చేస్తే వచ్చేది చాలా ఎక్కువ.

స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే ఆంబులెన్సుకు ఫోను చేయండి. సింగపూర్‌లో 995, మన దగ్గర 108. ఒళ్ళు కాలిపోతూ మనిషి తికమకగా మాట్లాడితే అది వడదెబ్బ కావచ్చు. నీడకు చేర్చి, ఒంటిని నీళ్ళతో తడిపి, విసురుతూ ఆంబులెన్సును పిలవండి.

ఆ తాతగారు మరో వారం తర్వాత మళ్ళీ అదే తోటకు వెళ్ళారు. ఈసారి టిఫిన్ పూర్తిగా తిన్నారు. గ్లూకోజు పొట్లం మాత్రం మనవడి జేబులో ఉంది. వాడికి ఆ బాధ్యత అప్పగించింది అమ్మమ్మగారే.