కిత్తనార కణజాలవర్ధనం: మద్యోత్పత్తి నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
పొలం కంచెగా తెలుగునేలకు పరిచితమైన కిత్తనార (అగేవ్) నేడు మద్యానికి ముడిసరుకు. ఈ మొక్కను ప్రయోగశాలలో కణజాలవర్ధనం ద్వారా వృద్ధిచేసే విధానాన్ని, దాని ప్రయోజనాలను, పరిమితులను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కిత్తనార, కణజాలవర్ధనం, ఫ్రక్టాన్లు, పిలకలు, జన్యువైవిధ్యం.

1. ఉపోద్ఘాతం:
కిత్తనారకు రాకాసిమట్ట అనే పేరు కూడా ఉంది. వ్యవహారంలో దీనిని కలబంద అనడమూ కద్దు. అయితే ఔషధకలబంద వేరొక కుటుంబానికి చెందినది. మెక్సికో ప్రాంతం నుండి వచ్చిన అగేవ్ అమెరికానా దక్కను మెట్టనేలల్లో స్థిరపడింది. డెస్మండ్ నజరెత్ స్థాపించిన సంస్థ ఈ మొక్కల నుండి చిత్తూరు జిల్లాలో మద్యం తయారుచేసి, 2011లో ‘డెస్మండ్‌జీ’ పేరుతో విపణిలోకి తెచ్చింది. దీనిని ‘టెకీలా’ అనరాదు. ఆ పేరు మెక్సికోలోని నిర్దిష్ట ప్రాంతాల్లో, నీలి అగేవ్‌తో చేసిన మద్యానికే చెల్లుతుంది.

2. ప్రవర్ధన సమస్య:
మట్టలు నరికాక మిగిలే గడ్డలో ఫ్రక్టాన్లనే పిండిపదార్థాలు నిల్వ ఉంటాయి. వేడిచేస్తే అవి చక్కెరలుగా మారతాయి. ఆ చక్కెరలను ఈస్ట్ పులియబెడుతుంది. మొక్క పక్వానికి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. అది ఒక్కసారే పూచి చనిపోతుంది. పూలకాడ ఎదిగితే గడ్డలోని నిల్వలు ఖర్చవుతాయి కనుక పూతకు ముందే కోస్తారు. అందువల్ల విత్తనం దొరకదు, పిలకలే ఆధారం. పిలకలు తల్లిమొక్క తెగుళ్లను కూడా వెంట తెస్తాయి.

3. కణజాలవర్ధన విధానం:
అనుకూల పరిస్థితుల్లో మొక్కలోని సజీవకణం పూర్తి మొక్కగా ఎదగగలదన్నది ఈ విధానానికి మూలసూత్రం. ఎంపికచేసిన మొక్క మొవ్వుభాగం నుండి చిన్నముక్కలు తీసి, సూక్ష్మజీవరహితం చేస్తారు. 1962లో మురాషిగె, స్కూగ్ రూపొందించిన పోషకయానకంలో వాటిని ఉంచుతారు. సైటోకైనిన్ పాలు ఎక్కువైతే కొమ్మలు, ఆక్సిన్ పాలు ఎక్కువైతే వేర్లు వస్తాయి. కొమ్మలను విడదీసి మళ్లీమళ్లీ వర్ధనం చేస్తే మొక్కల సంఖ్య గుణితంగా పెరుగుతుంది. నార కోసం పెంచే హెనెకెన్ అగేవ్‌పై మాన్యుయెల్ రాబర్ట్ బృందం 1987లో ఇటువంటి పద్ధతిని ప్రచురించింది.

చివరిదశ సున్నితమైనది. సీసాలోని తేమకు అలవడిన ఆకులపై మైనపుపొర పలుచగా ఉంటుంది, పత్రరంధ్రాలు సరిగా మూసుకోవు. కాబట్టి నీడలో ఉంచి, తేమను క్రమంగా తగ్గిస్తూ బయటి వాతావరణానికి అలవాటు చేయాలి.

4. పరిమితులు:
కణజాలవర్ధనం మేలైన మొక్కను వేలసంఖ్యలో ఇస్తుంది. అయితే అవన్నీ దాదాపు ఒకే జన్యురూపం కలిగినవి. 1990ల చివర నీలి అగేవ్ తోటల్లో ఫ్యుసేరియం, ఎర్వీనియా తెగుళ్లు వ్యాపించడం ఏకరూపతలోని ప్రమాదాన్ని గుర్తుచేస్తుంది. ఆ తోటలు పిలకలతో పెంచినవే. కణజాలవర్ధనం ఆ ఏకరూపతను మరింత వేగంగా విస్తరింపజేయగలదు. దీర్ఘకాల వర్ధనంలో అనుకోని జన్యుమార్పులు కూడా రావచ్చు. మెక్సికోలో గబ్బిలాల పరిరక్షణకై రూపొందిన ఒక పథకం తోటలో 5 శాతం మొక్కలను పూతకు వదలమంటుంది. దానివల్ల పరపరాగసంపర్కంతో కొత్త జన్యుకలయికలు ఏర్పడతాయి.

5. ముగింపు:
కణజాలవర్ధనం మొక్కల సంఖ్యను పెంచుతుందే గాని వైవిధ్యాన్ని పెంచదు. కనుక దక్కనులోని వేర్వేరు తావుల నుండి పలు తల్లిమొక్కలను ఎంచుకోవడం, కొన్నింటిని పూతకు విడవడం అవసరం. దశాబ్దం దాకా నిలిచే పంటలో ఎంపికదోషం కోతవేళకు గాని బయటపడదు. అందుచేత ప్రయోగశాలలో తొలిముక్కను ఏ మొక్క నుండి తీయాలన్నదే అన్నిటికన్నా కీలకమైన నిర్ణయం.