వేసవి పరిశోధన ఇంటర్న్‌షిప్ దరఖాస్తు: శ్రీకూర్మం శాసనాల ఆధారంగా ఒక వివరణ

వ్యాస సంగ్రహం: డిగ్రీలో తెలుగు చదివే విద్యార్థులు విశ్వవిద్యాలయంలో వేసవి పరిశోధన ఇంటర్న్‌షిప్‌కు ప్రతిపాదనను ఎలా రూపొందించుకోవాలో ఈ వ్యాసం వివరిస్తుంది. రెండు నెలల్లో సమాధానం చెప్పగలిగిన ఒక్క ప్రశ్నే దరఖాస్తుకు ప్రాణమనీ, ఆ ప్రశ్నను కుదించడంలో కళాశాల అధ్యాపకుల పాత్ర కీలకమనీ శ్రీకూర్మం శాసనాల ఉదాహరణతో ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ఇంటర్న్‌షిప్, పరిశోధన ప్రతిపాదన, శ్రీకూర్మం, శాసనాలు, సిఫారసు లేఖ.

1. ఉపోద్ఘాతం

పరిశోధనను ఎం.ఏ. తరువాతి వ్యవహారంగా భావించడం మన తెలుగు శాఖల్లో అలవాటు. అందువల్ల ఆకరాలను సేకరించడం, పాఠాన్ని సరిచూడడం, అంశాన్ని పరిమితం చేసుకోవడం వంటి ప్రాథమిక పనులను చాలామంది పిహెచ్.డి.లో చేరిన తరువాతే మొదటిసారిగా నేర్చుకుంటున్నారు. విజ్ఞానశాస్త్ర విద్యార్థుల స్థితి కొంత మెరుగు. బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ఢిల్లీలోని ఇన్సా, ప్రయాగ్‌రాజ్‌లోని నాసి సంయుక్తంగా నిర్వహించే వేసవి ఫెలోషిప్ ద్వారా వారు డిగ్రీలోనే రెండు నెలలు ఒక శాస్త్రవేత్త పర్యవేక్షణలో పనిచేయగలుగుతున్నారు. తెలుగు విద్యార్థి మాత్రం సాధారణంగా తానే ఒక ఆచార్యునికి లేఖ రాసి, తన ప్రతిపాదన బలంతో ఒప్పించవలసి ఉంటుంది.

2. పాఠ్యప్రణాళిక కల్పించిన అవకాశం

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి అమలైన డిగ్రీ పాఠ్యప్రణాళిక 10 నెలల ఇంటర్న్‌షిప్‌ను నిర్దేశించింది. మొదటి సంవత్సరం తరువాత సామాజిక సేవా ప్రాజెక్టు, రెండవ సంవత్సరం తరువాత వేసవి ఇంటర్న్‌షిప్, ఆపై ఒక పూర్తి సెమిస్టరు ఇందులోని దశలు. యూజీసీ 2022 డిసెంబరులో ప్రకటించిన చట్రం ప్రకారం, మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు పొందినవారు నాలుగో ఏడాది పరిశోధనతో కూడిన ఆనర్స్‌ను ఎంచుకొని 12 క్రెడిట్ల పరిశోధన ప్రాజెక్టు చేయవచ్చు. రెండవ సంవత్సరం వేసవిని ధ్రువపత్రం కోసం గడిపివేయడమా, ఆ పరిశోధనకు తొలిమెట్టుగా మలచుకోవడమా అన్నదే ఇక్కడి ప్రశ్న.

3. అంశం నుంచి ప్రశ్నకు

శ్రీకాకుళం జిల్లా గార మండలంలోని శ్రీకూర్మం నుంచి వచ్చిన ఒక విద్యార్థిని ఊహించుకుందాం. కూర్మనాథాలయ స్తంభాలపై ఉన్న శాసనాలను ఆ విద్యార్థి చిన్ననాటి నుంచి చూస్తూనే ఉంటుంది. దరఖాస్తులో ఆమె సహజంగా రాసే శీర్షిక “శ్రీకూర్మం శాసనాలు – సమగ్ర పరిశీలన”. ఇది అంశమే కాని ప్రశ్న కాదు. పైగా, పిహెచ్.డి.కి కూడా పెద్దదే.

ఈ శాసనాల్లో చాలావాటి మూలపాఠాలు ‘దక్షిణ భారత శాసనాలు’ ఐదవ సంపుటంలో 1925లోనే అచ్చయ్యాయి. వాటిలో అఖండదీపాలకు చేసిన దానాలు, వాటికి సమర్పించిన మాడల లెక్కలు కనిపిస్తాయి. కనుక “దీపదానాన్ని తెలిపే 20 తెలుగు శాసనాల్లో దాత, దానద్రవ్యం, నిర్వహణ బాధ్యతలను సూచించే పదాలేవి?” అని అడిగితే అది ప్రశ్న అవుతుంది. ఆకరం అందుబాటులో ఉంది, సంఖ్య పరిమితం, ఫలితంగా ఒక చిన్న పదకోశం చేతికి వస్తుంది. అదే ఆలయంలో 1281 నాటి నరహరితీర్థుల శాసనం ప్రసిద్ధమైనదే. కాని అది సంస్కృతంలో ఉన్నందువల్ల ఈ ప్రశ్న పరిధిలోకి రాదు. దేనిని వదులుతున్నామో, ఎందుకు వదులుతున్నామో చెప్పగలగడం కూడా ప్రతిపాదనలో భాగమే.

4. దరఖాస్తు స్వరూపం

ప్రతిపాదన రెండు పుటలకు మించనవసరం లేదు. ప్రశ్న, ఆకరాలు, పద్ధతి, కాలపట్టిక, ఆశించే ఫలితం అనే ఐదు అంగాలు చాలు. పై ఉదాహరణలో మొదటి రెండు వారాలు శాసనాల ఎంపికకు, తరువాతి మూడు వారాలు పాఠాలను చదివి పట్టికలుగా నమోదు చేయడానికి, ఒక వారం ఆలయంలో కొన్ని పాఠాలను సరిచూడడానికి, చివరి రెండు వారాలు నివేదికకు కేటాయించవచ్చు. ఆలయంలో ఛాయాచిత్రాలు తీయడానికి అధికారుల అనుమతి ముందుగానే పొందాలి.

ఆచార్యునికి రాసే లేఖలో “మీ వద్ద ఏదైనా పని నేర్చుకుంటాను” అనడం కన్నా, తాను ఇప్పటికే చదివిన ఒక శాసనాన్ని పేర్కొని, అందులో అర్థంకాని ఒక పదాన్ని ప్రస్తావించడం మేలు. అలాగే వసతి, భృతి ఉన్నాయా అని సంకోచం లేకుండా అడగాలి. వేసవి సంపాదన ఇంటికి అవసరమైన కుటుంబాల పిల్లలకు రెండు నెలలు విశాఖపట్నంలో ఉండడం చిన్న ఖర్చు కాదు. శ్రీకాకుళం పక్కనే ఎచ్చెర్లలో డా. బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉంది. దగ్గరి చోటును ఎంచుకోవడం లోపం కాదు, ఆకరానికి దగ్గరగా ఉండడమే.

5. సిఫారసు లేఖ: అధ్యాపకుల బాధ్యత

“క్రమశిక్షణ గల విద్యార్థి, పరిశ్రమించే స్వభావం కలది” అనే వాక్యం ఎవరికైనా సరిపోతుంది కనుక ఎవరికీ ఉపకరించదు. ఉద్యోగంలో చేరిన తొలినాళ్లలో ఈ వ్యాసకర్త కూడా పేర్లు మాత్రమే మార్చి ఒకే లేఖను ముగ్గురికి ఇచ్చిన సందర్భం ఉంది. ముగ్గురిలో ఎవరికీ పిలుపు రాలేదు. కారణం లేఖే అని చెప్పలేను. అయితే ఆ లేఖలు వారికి ఏ సాయమూ చేయలేదన్నది నిశ్చయం. విద్యార్థి తరగతిలో అడిగిన ఒక ప్రశ్న, రాసిన ఒక సెమినార్ పత్రం, సరిదిద్దుకున్న ఒక పొరపాటు లేఖలో కనిపించాలి. వాటిని గమనించాలంటే దరఖాస్తు గడువుకు వారం ముందు కాక, విద్యాసంవత్సరం ఆరంభంలోనే పని మొదలుకావాలి.

6. ముగింపు

ఈ ప్రాంతానికి ఇటువంటి పరిశోధన కొత్త కాదు. 1863లో శ్రీముఖలింగం సమీపాన పర్వతాలపేటలో జన్మించిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూనే శాసనలిపులను స్వయంకృషితో నేర్చుకొని, నడగాం తామ్రశాసనాన్ని పరిష్కరించి ‘ఎపిగ్రాఫియా ఇండికా’ నాలుగవ సంపుటంలో ప్రకటించారు. ఆయన చూసినదీ తన పరిసరాల్లోని రాళ్లనూ రాగిరేకులనే. నేటి విద్యార్థులకు పాఠ్యప్రణాళిక రెండు నెలల కాలాన్ని ఇచ్చింది, గ్రంథాలు పాఠాలను ఇచ్చాయి. రోజూ చూసే స్తంభాన్ని ప్రశ్నగా మార్చుకునే అలవాటును ఇవ్వవలసినది తరగతి గది. అది జరిగిననాడు దరఖాస్తు రాయడం కష్టం కాదు. ఎంపిక కాకపోయినా ఆ ప్రశ్న విద్యార్థి వద్దే ఉంటుంది.