బ్రౌజరుకు అంటు కట్టవలెనా?

ఇంటి కంప్యూటరులో ప్రోగ్రాములు వ్రాయుటకు ఒక సాధనమున్నదనుకొందము. దానితో చేసిన పనిని ఇంటర్నెట్టు ద్వారా పదిమందికి చూపవలెనన్న కోరిక సహజము. అందుకు ఒక మార్గము ప్లగిన్. బ్రౌజరు స్వయముగా చేయజాలని పనిని చేయించుటకు దానికి తగిలించు అదనపు ప్రోగ్రామునకే ఆ పేరు. అది చెట్టుకు కట్టిన అంటు వంటిది. అట్టి అంటు కట్టవలెనా, వలదా?

‘స్క్రాచ్’ చరిత్ర ఇందుకు చక్కని సమాధానము. అమెరికాలోని ఎం.ఐ.టి. మీడియా ల్యాబువారు పిల్లలకొరకు రూపొందించిన ఈ సాధనము 2007లో వెలువడినది. రంగురంగుల దిమ్మెలను తెరపై ఒకదానికొకటి అమర్చి పిల్లలు ఆటలు, కథలు కల్పింతురు. తొలుత దీనిని కంప్యూటరులో స్థాపించుకొనవలసి యుండెను. స్క్వీక్ అను వ్యవస్థలో వ్రాసిన ఆ ప్రోగ్రామును బ్రౌజరు నేరుగా నడపజాలదు. కావున పిల్లల రచనలను వెబ్‌సైటులో చూపుటకు జావా ప్లగిన్‌ను ఆశ్రయించిరి. ఒక బాలిక చేసిన ఆటను దేశాంతరముననున్న బాలుడు చూచి, తానును మార్పులు చేయగలిగెను. ఈ లాభము స్వల్పము కాదు. 2013లో వచ్చిన రెండవ కూర్పు బ్రౌజరులోనే రచనకు వీలు కల్పించినది. కాని అదియు ఫ్లాష్ అను మరియొక ప్లగిన్‌పై ఆధారపడినది.

అయితే చెట్టు కూలినచో అంటు నిలువదు. ప్లగిన్‌లకు కంప్యూటరుపై అధికారము మెండు. వాటిలోని లోపములు దుండగులకు దొడ్డిదారులు. చేతిఫోన్లలో వాటికి చాలవరకు చోటే లేదు. జావా వంటి పాత తరహా ప్లగిన్‌లకు క్రోమ్ బ్రౌజరు 2015లో తలుపు మూసినది. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కు అడోబీ సంస్థ స్వస్తి చెప్పినది. అంతకు ముందే, 2019 జనవరిలో, స్క్రాచ్ నిర్మాతలు ప్లగిన్ అక్కరలేని మూడవ కూర్పును జావాస్క్రిప్టులో వెలువరించిరి. పాత కూర్పులలో దాచిన రచనలను కూడ ఇది తెరవగలదు. లేనియెడల వేలాది పిల్లల శ్రమ మూగవోయెడిది.

నేడు బ్రౌజర్లు జావాస్క్రిప్టునే కాక, 2019 డిసెంబరులో ప్రమాణముగా ఆమోదము పొందిన వెబ్‌అసెంబ్లీని కూడ నడుపగలవు. సి వంటి భాషలలో వ్రాసిన ప్రోగ్రాములను ఆ రూపములోనికి మార్చవచ్చును. కావున క్రొత్తగా ప్లగిన్ నిర్మించుట వృథాశ్రమ. కాని కంప్యూటరులో స్థాపించుకొను రూపమును విడువరాదు. ఇంటర్నెట్టు అందని బడులు, ఇండ్లు ఇంకను గలవు. స్క్రాచ్ మూడవ కూర్పు ఆ రూపములోను లభించుచున్నది.

పిల్లలకు ఇట్టి సాధనమును ఎన్నుకొను తల్లిదండ్రులు మూడు సంగతులు విచారింపవలెను: అది ప్లగిన్ కోరుచున్నదా? ఇంటర్నెట్టు లేకున్నను పనిచేయునా? పిల్లల రచనలను మన కంప్యూటరులోనే దాచుకొనవచ్చునా? సాధనములు మారుచుండును, పిల్లల కృషి మాత్రము నిలువవలెను.