రైలు మోడల్ చేస్తున్నారా? పట్టాలు కొనకముందే ప్లాన్ గీసుకోండి



సైన్స్ ఎగ్జిబిషన్ అనగానే మన పిల్లల్లో కొందరికి రైలు మోడల్ చేయాలని ఉంటుంది. ఊళ్లోనే భివండీ రోడ్ స్టేషన్ ఉంది, వసయి–దివా లైన్ మీద గూడ్సు బండ్లు రోజూ చూస్తూనే ఉంటాం. ఆలోచన మంచిదే, కానీ పట్టాల ముక్కలు చవక కాదు. అందుకే కొనడానికి ముందే ఈ నాలుగు మాటలు చదవండి.

మా అన్నయ్య కొడుక్కి నేనే ఒక సెట్ కొనిచ్చాను. మలుపు రేడియస్ 36 సెంటీమీటర్లు అని పెట్టె మీదే రాసి ఉంది, నేనే పట్టించుకోలేదు. గుండ్రంగా తిప్పితే పట్టా మధ్య నుంచి మధ్యకు 72 అవుతుంది, స్లీపర్లతో కలిపితే దాదాపు 75. ఇంట్లో బల్ల వెడల్పు రెండున్నర అడుగులు, అంటే 76. పట్టాలైతే పట్టాయి గానీ బల్ల అంచుకు అంటుకుని ఉన్నాయి. రెండో రౌండులోనే ఇంజిన్ కింద పడింది. వాడి ఏడుపు ఇంకా గుర్తుంది. ఇరుపక్కలా కనీసం ఐదేసి సెంటీమీటర్లు వదలాలని ముందే గీసి చూసుంటే తెలిసేది.

మన నేతపని ఇళ్లలో ఇది కొత్త సంగతేం కాదు. బట్ట మీద పువ్వు రావాలంటే ముందు గ్రాఫ్ కాగితం మీద గళ్లు నింపి, దాన్ని బట్టే జకార్డ్ కార్డులు కొడతారు. రైలు ప్లాన్ సాఫ్ట్‌వేర్ చేసేదీ అదే పని. ఏ కంపెనీ పట్టా ఎంత పొడవు, ఎంత వంపు అనే లెక్క అందులో ముందే ఉంటుంది. ముక్కలు తెచ్చి కలుపుతూ పోతే ఎక్కడ అతకడం లేదో తెరమీదే కనిపిస్తుంది.

ఇక ఏది ఎంచుకోవాలి? ముందు మీ కంప్యూటర్ ఏదో చూడండి. ఎనీరైల్, స్కార్మ్ రెండూ విండోస్ మీద నడిచేవి. ఎనీరైల్ ఉచితంగా 50 ముక్కల వరకు గీయనిస్తుంది, స్కార్మ్ 100 వరకు. తక్కువ అనిపిస్తుంది కదా, కానీ 30 డిగ్రీల ముక్కలు 12 పెడితే చుట్టు పూర్తవుతుంది. దానికి కొన్ని తిన్నని ముక్కలు, రెండు మూడు పాయింట్లు కలిపినా 30 దాటదు. మొదటి మోడల్‌కి డబ్బు కట్టాల్సిన అవసరం లేదని నా అభిప్రాయం. నేర్చుకోవడానికి ఎనీరైల్ తేలిక. ప్లాన్‌ని త్రీడీలో తిప్పి చూడాలని ఉన్న పిల్లలకు స్కార్మ్ నచ్చుతుంది.

ఎక్స్‌ట్రాక్‌క్యాడ్ పూర్తిగా ఉచితం, ముక్కల పరిమితి లేదు, లినక్స్, మ్యాక్ మీద కూడా నడుస్తుంది. గీసిన ప్లాన్ మీద బండి నడిపి చూడొచ్చు. కాకపోతే మొదటి వారం విసుగొస్తుంది, పెద్దవాళ్లు పక్కన కూర్చోవాలి.

ఏది తీసుకున్నా, మీకు దొరికే పట్టాల కంపెనీ పేరు ఆ సాఫ్ట్‌వేర్ జాబితాలో ఉందా అని చూడండి. లేకపోతే ఎంత మంచిదైనా మీకు పనికిరాదు.

ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లు ఈ లెక్క చేసి చూడండి. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు. హెచ్‌ఓ స్కేల్ అంటే 87వ వంతు. భాగిస్తే 19.3 వస్తుంది, కానీ హెచ్‌ఓ పట్టా 16.5 మాత్రమే. అది 1435 మిల్లీమీటర్ల విదేశీ గేజ్‌కి సరిపడా చేసింది మరి! పాత నీలం ఐసీఎఫ్ బోగీ 21.3 మీటర్లు, అంటే మోడల్‌లో 24.5 సెంటీమీటర్లు. అలాంటి 12 బోగీలకు ప్లాట్‌ఫారం కట్టాలంటే దాదాపు మూడు మీటర్లు కావాలి. మూడు బోగీలతో సరిపెట్టుకోండి.

పెద్ద లేఅవుట్ ఎలా ఉంటుందో చూడాలంటే పుణె కొత్రూడ్‌లో భావూ జోషీ గారు కట్టిన చిన్న రైళ్ల మ్యూజియం ఉంది, 1998 నుంచి నడుస్తోంది.

ఇంట్లో ఫోన్ తప్ప కంప్యూటర్ లేనివాళ్లు దిగులు పడకండి. నేను చెప్పిన ఈ మూడూ ఫోన్లో నడవవు, కానీ గ్రాఫ్ కాగితం ఉంది కదా. ఒక సెంటీమీటరుకు పది అనుకుంటే ఎనిమిది అడుగులు, నాలుగు అడుగుల ప్లైవుడ్ కూడా ఒక ఏ4 కాగితంలో పడుతుంది. వంపులకు కంపాస్ వాడండి.

బల్ల పొడవు, వెడల్పు, పట్టాల కంపెనీ పేరు, మలుపు రేడియస్ ఒక కాగితం మీద రాసి సైన్స్ టీచర్‌కి చూపించండి. అప్పటిదాకా దుకాణానికి వెళ్లొద్దు.